మొన్నటి కాపీ

వంతెన మలుపులో లారీ బ్రేకు వెయ్యలేదు.

నల్ల కారు వెనక తలుపును ఢీకొట్టి, దాన్ని రెయిలింగ్ దాకా ఈడ్చుకుపోయి ఆగింది. పొగమంచు ఇంకా విడలేదు. జనం పోగయ్యేసరికి లారీలో డ్రైవర్ లేడు. స్టీరింగ్ మీద వేలిముద్రలు లేవు. నంబర్ ప్లేటు కింద ఇంకో నంబర్ ప్లేటు ఉంది. కారు నడిపినవాడు దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని తనంతట తానే దిగాడు. వెనక సీట్లోంచి దింపిన పెద్దావిడకు మాత్రం స్పృహ లేదు. ఊపిరి ఉంది.

ఆ వార్త ఏ రేడియోలోనూ రాలేదు. రాకుండా చూసినవాళ్ళు ఊరి మధ్యలో ఒక కళ్ళజోళ్ళ షాపు వెనక గదుల్లో కూర్చుంటారు.

కాసేపటికి ఆ షాపు తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. మామూలు ఎత్తు, మామూలు చొక్కా, చూసిన మరుక్షణం మర్చిపోయే ముఖం.

"దూరానివి బాగానే కనిపిస్తున్నాయండీ. దగ్గరివే మసక," అన్నాడు.

కౌంటర్లో ఉన్నాయన తలెత్తలేదు. "ఎంత దగ్గరివి?"

"నా నీడంత."

"అయితే లోపలికెళ్ళండి. డాక్టరుగారు నీడల్ని కూడా చూస్తారు."

ఆ వెనక గదుల్లోని గూఢచారి విభాగంలో ఈ మనిషిని పాదరసం అంటారు. పట్టుకుంటే జారిపోతాడని కొందరు, ఒకచోట కుదురుగా కూర్చోడని ఇంకొందరు దానికి అర్థం చెబుతారు. ఇంట్లో భార్య లెక్కలో అతను కళ్ళజోళ్ళ కంపెనీ సేల్స్‌మన్. అదీ అంతంత మాత్రపు సేల్స్‌మన్. సొంత బావమరిదికే ఇంతవరకు ఒక కళ్ళజోడు అంటగట్టలేకపోయాడు.

అక్షరాల చార్టు వేలాడుతున్న చీకటి గదిలో పెద్దాయన అద్దాలు తుడుచుకుంటున్నాడు. విభాగానికి అధిపతి ఆయన. కోపం వస్తే అరవడు, అద్దాలు తుడుస్తాడు. ఆ ఉదయం అవి తళతళ మెరుస్తున్నాయి.

"మధ్యవర్తిని కొట్టారు," అన్నాడు.

పాదరసం కూర్చోబోతున్నవాడల్లా ఆగిపోయాడు. "ప్రాణం?"

"ఉంది. లోపల రక్తం కారుతోంది. మధ్యాహ్నం ఆపరేషన్."

ఆవిడ ఎవరో అతనికి చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి సరిహద్దు మీద కాల్చుకుంటున్న రెండు దేశాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన మనిషి. సంతకాలు ఇంకో వారంలో. ఆవిడ లేచి ఆ బల్ల దగ్గరికి రాకపోతే వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోరు. తుపాకులు అమ్ముకునే వాళ్ళకు అంతకన్నా కావలసింది లేదు. అలాంటి వాళ్ళ సొమ్ముతో బతికే విదేశీ ముఠా పేరు నల్లగొడుగు.

"ఆవిడ పెద్దాసుపత్రిలో మారుపేరు మీద ఉన్నారు," అన్నాడు పెద్దాయన. "ఇలాంటి రోజు వస్తుందనే ఆవిడ వైద్య వివరాలన్నీ పోయినేడు ఆ పేరు మీద అక్కడి డేటాబేస్‌లో పెట్టించాం. ఆ పేరు నాకు తెలుసు, సర్జన్‌కి తెలుసు. నీకు అక్కర్లేదు."

"నల్లగొడుగుకి?"

"తెలీదు. అందుకే ఇంకో దారి పట్టారు. కెంపు దగ్గర్నుంచి కబురొచ్చింది."

కెంపు పేరు వినగానే పాదరసం చూపు ఒక్క క్షణం చార్టు మీదికి పోయింది. పెద్దాయన గమనించాడు. గమనించనట్టు ఊరుకున్నాడు. కెంపు నల్లగొడుగు మనిషి. మూడేళ్ళుగా విభాగం మనిషి కూడా. రెండు చేతులతోనూ తినే మనిషి అని ఆవిడ గురించి పెద్దాయనే ఒకసారి అన్నాడు.

"ఈవాళ మధ్యాహ్నం ఆసుపత్రి డేటాబేస్‌ను కూల్చేస్తారట. ఏ రోగి ఎవరో, ఏ వార్డులో ఎవరున్నారో తెలీక అంతా గగ్గోలవుతుంది. ఆ గందరగోళంలో హంతకుడు లోపలికి దూరతాడు. మనం చెయ్యాల్సింది ఒకటే. కూలిన వెంటనే రోజూ తీసిపెట్టే బ్యాకప్ కాపీ నుంచి మళ్ళీ నిలబెట్టాలి. నిన్నటి బ్యాకప్‌లో వైరస్ ఎక్కించారని కెంపు చెప్పింది. మొన్నటి కాపీ శుభ్రంగా ఉందట. అదే వాడాలి."

"నేనెవర్ని?"

"టేప్ మెషీన్ సర్వీస్ ఇంజినీరువి." పెద్దాయన బల్ల మీద ఒక కళ్ళజోడు, ఒక పెన్ను పెట్టాడు. "జోడు అంచుల్లో చూస్తే వెనక ఏం జరుగుతోందో కనిపిస్తుంది. పెన్ను రాయదు, కోస్తుంది. మధ్యవర్తి ఫైలు కార్లో చదువుకో."

* * *

ఆసుపత్రి సర్వర్ గది మూడో అంతస్తు చివర ఉంది. తలుపు తెరిస్తే చలి, దాని వెనకే ఫ్యాన్ల హోరు. పలకలు పరిచిన ఎత్తైన నేల. ఆ పలకల కిందుగా తీగలన్నీ పోతాయి. ఒక పక్క గోడంత అద్దాల బీరువా. అందులో వరసలు వరసలుగా టేపులు, వాటి మధ్య పట్టాల మీద పరుగెత్తే ఇనుప చెయ్యి. ఏ టేపు కావాలో కంప్యూటర్ చెబితే ఆ చెయ్యి వెళ్ళి తీసుకొచ్చి దాన్ని చదివే డ్రైవులో పెడుతుంది.

ఆ బీరువా ముందు ఊలు స్వెట్టర్ వేసుకుని, మెడలో తాళంచెవులు వేలాడుతూ ఒకావిడ నిలబడింది. బ్యాకప్ విభాగం ఇన్‌చార్జి. ఆసుపత్రిలో సూపరింటెండెంట్ నుంచి లిఫ్ట్ మనిషి దాకా అందరూ ఆవిణ్ణి టేపుల పిన్ని అంటారు.

పాదరసం పెట్టె దించి, స్క్రూడ్రైవర్ తీసి, ఇనుప చెయ్యిని గంభీరంగా పరిశీలించాడు.

"నువ్వు సర్వీస్ వాడివి కాదు," అంది పిన్ని.

"అదేంటండీ?"

"సర్వీస్ వాళ్ళు రాగానే టీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. నువ్వు వచ్చి తలుపులు చూసుకున్నావు. ఎవరు నాయనా నువ్వు?"

జారిపోవడానికి అతనికి పది అబద్ధాలు తయారుగా ఉన్నాయి. కానీ ఆవిడ కళ్ళలోకి చూసి ఒక్కటీ వాడలేదు. కార్డు తీసి చూపించాడు. చెప్పగలిగినంత చెప్పాడు. పిన్ని ఎక్కడా అడ్డు రాకుండా విని, ఒక్కసారి మాత్రం మొహం చిట్లించింది.

"నిన్నటి దాంట్లో వైరసా? ఈ పొద్దున్న నేనే చూశానే!"

"మా మనిషి చెప్పిందండీ."

ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని కేటలాగ్ తెరిచింది. ఏ రోజు బ్యాకప్ ఏ టేపులో ఉంది, ఎన్నాళ్ళు దాచాలి, ఎప్పుడు చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు అనే వివరాలన్నీ అందులోనే ఉంటాయి. నిన్నటి టేపు ఎదురుగా "చెల్లదు" అని ఉంది.

"ఇలా నేను పెట్టలేదు," అంది పిన్ని నెమ్మదిగా.

"నేను పెట్టాను," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

బూడిదరంగు సూటు, నున్నగా దువ్విన జుట్టు, గొంతు దగ్గర చిన్న గొలుసుకు ఒకే ఒక ఎర్రరాయి. ఆవిడ నడిచొస్తుంటే ఆ చలిగదిలో కూడా ఎవరో హీటర్ పెట్టినట్టయింది. నెల్లాళ్ళుగా ఆసుపత్రికి డేటాబేస్ కన్సల్టెంట్. విభాగం కాగితాల్లో కెంపు.

"అందులో వైరస్ ఉంది పిన్నిగారూ. పొద్దున్నే పట్టుకున్నా. మీతో చెబుదామంటే మీరు మీటింగ్‌లో ఉన్నారు." తర్వాత పాదరసం వైపు తిరిగి, "టేప్ మెషీన్ ఎలా ఉందండీ?"

"ముసలిదైపోయింది."

"నూనె వెయ్యండి."

"నూనె వెయ్యాల్సింది మెషీన్‌కి కాదు, పట్టాలకి."

సంకేతం సరిపోయింది. కెంపు పెదవి ఒక వైపు మాత్రమే నవ్వింది. మూడేళ్ళ కిందట ఒక రైలు పెట్టెలో అదే నవ్వు చూసి అతను చెయ్యాల్సిన పని ఒక స్టేషన్ ఆలస్యంగా చేశాడు. ఆ సంగతి రిపోర్టులో లేదు.

"ఎప్పుడు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏ క్షణమైనా. నేను నా లాప్‌టాప్‌తో పక్కనే ఉంటా. మీరు గుమ్మం చూసుకోండి, చాలు."

* * *

అది జరిగినప్పుడు పేలుడు లేదు, పొగ లేదు. గోడ మీద తెర ఒకటి తెల్లబోయింది. దాని పక్కది. దాని పక్కది. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మందుల కౌంటర్, రక్తనిధి, ఎమర్జెన్సీ, ఆపరేషన్ థియేటర్లు. అందరిదీ ఒకటే మాట: "ఏమీ కనిపించట్లేదు!"

పాదరసం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. హాల్లో ట్రాలీలు ఆగిపోయాయి. ఒక నర్సు చేతిలో సీసా పట్టుకుని, ఇది ఎవరిదో తెలియక అటూ ఇటూ చూస్తోంది. చెవిలో దాచిన చిన్న రిసీవర్లో పెద్దాయన గొంతు: "ఆవిణ్ణి థియేటర్లోకి తీసుకెళ్తున్నారు. రక్తం ఆగట్లేదు. ఇంక వాయిదా వెయ్యలేరు. మత్తు డాక్టర్ రికార్డు కోసం చూస్తోంది. తొందరగా కానివ్వండి."

గదిలో ఇనుప చెయ్యి కిర్రుమంటూ పరుగెత్తి మొన్నటి టేపు తెచ్చింది. పిన్ని దాన్ని అసలు సర్వర్లోకి ఎక్కించలేదు. పక్కన ఉన్న వేరే మెషీన్‌లోకి ఎక్కించింది.

"అదెందుకు?" అంది కెంపు. "తిన్నగా లైవ్ చెయ్యండి."

"చూడకుండా చెయ్యనమ్మా. బ్యాకప్ ఉందని కేటలాగ్ చెప్తే సరిపోదు. లేపి కూర్చోబెట్టి, పేరడిగి, సరిగ్గా చెప్పిందా లేదా చూశాకే బయటికి పంపుతా."

"అవతల మనుషుల ప్రాణాలు పోతుంటే మీరు పేర్లడుగుతారా?"

ఆ మాట పాదరసానికీ సబబుగానే అనిపించింది. చెవిలో పెద్దాయన మళ్ళీ తొందర పెట్టాడు. "పిన్నిగారూ," అన్నాడు, "కానివ్వండి. బాధ్యత నాది."

"నీ బాధ్యత నీ దగ్గరే ఉంచుకో బాబూ," అంది పిన్ని తెర మీంచి చూపు తిప్పకుండా. "ఒక్క రికార్డు. అంతే."

ఎక్కించడం అయిపోయింది. మెషీన్ పచ్చలైటు వేసింది. లెక్కలు సరిపోయాయి, ఫైళ్ళన్నీ ఉన్నాయి, తప్పులు సున్నా అంది. పిన్ని ఒక నంబరు కొట్టింది. చూసి కొట్టలేదు, వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. తెర మీద ఒక మగమనిషి రికార్డు తెరుచుకుంది. పేరు, వయసు, రక్తం గ్రూపు, మరణించిన తేదీ.

పిన్ని చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఏమైంది?" అంటూ పాదరసం దగ్గరికి వచ్చాడు.

"ఈయన మా ఆయన."

అతను తెర మీద మరణ తేదీని మళ్ళీ చదివాడు.

"చిన్న ఆపరేషన్ అన్నారు. నవ్వుతూ లోపలికెళ్ళాడు. మత్తుకిచ్చే గ్యాస్ కొందరి ఒంటికి పడదట. లక్షల్లో ఒకళ్ళకి. ఒళ్ళు కుంపటిలా కాలిపోయి, కండరాలు కర్రల్లా బిగుసుకుపోయి..." తెర మీద ఆయన పేరు వైపు చూసింది. "ఆయన ఒంటికి పడదని ఎవరికీ తెలీదు. ఆ తర్వాత నేను ఈ డేటాబేస్‌లో ఒక ఎర్ర గుర్తు పెట్టించాను. అలాంటి వాళ్ళ పేరు తెరిస్తే ముందు ఆ గుర్తే కనిపించాలి. మొట్టమొదటిది ఆయనకే పెట్టించాను. ఇంక పనికిరాదని తెలిసీ. ఏ కాపీ లేపినా ముందు దాన్నే చూస్తాను. ఎప్పుడూ ఉంటుంది."

తెర మీద ఆ చోటు ఖాళీగా ఉంది.

పాదరసానికి అప్పుడు గుర్తొచ్చింది. కార్లో చదివిన ఫైలులో ఒక వాక్యం. మధ్యవర్తి చిన్నతనంలో ఆపరేషన్ బల్ల మీద మత్తు పడక చావు అంచుదాకా వెళ్ళొచ్చారు. ఆవిడే ఏదో సభలో నవ్వుతూ చెప్పిన సంగతి. వెతికేవాళ్ళకు దొరక్కపోదు.

ఆవిడ ఏ పేరు మీద ఉన్నారో నల్లగొడుగుకు తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. ఆ ఎర్ర గుర్తు ఉన్న వాళ్ళందరికీ దాన్ని చెరిపేస్తే చాలు. అందులో ఆవిడా ఒకరు. అసలు డేటాబేస్‌లో ఆ గుర్తు ముట్టుకోవాలంటే ఇద్దరు డాక్టర్ల సంతకం కావాలి, లేకపోతే గంట మోగుతుంది. టేపులో పడి ఉన్న కాపీకి కాపలా ఎవరు? కాపీలో చెరిపి, అసలును కూల్చి, ఆ కాపీనే ఎక్కించమని మనకే సలహా ఇస్తే...

లారీ గురి తప్పలేదు. ఎంత కొట్టాలో అంతే కొట్టింది. రోడ్డు మీద చంపితే హత్య. బల్ల మీద పోతే దురదృష్టం. ఎవర్నీ వేలెత్తి చూపక్కర్లేదు. హంతకుడు ఎవడూ లోపలికి దూరడు. హంతకుణ్ణి లోపలికి మోసుకొచ్చింది తనే.

"కెంపూ," అన్నాడు తిరగకుండా.

కళ్ళజోడు అంచులో ఆవిడ కనిపిస్తోంది. ఒక చేత్తో లాప్‌టాప్ మూసింది. ఇంకో చెయ్యి సూటు లోపలికి వెళ్ళి, అరచేతిలో ఇమిడే పిస్టల్‌తో బయటికొచ్చింది.

"మొన్నటి కాపీని లైవ్ చేసేశాను," అంది ప్రశాంతంగా. "పాస్‌వర్డులు కూడా మార్చేశాను. థియేటర్లలో తెరలన్నీ ఇప్పుడు పచ్చగా ఉంటాయి. ఫోన్లు తీసి చూడండి, పని చెయ్యవు." ఎర్రరాయిని వేలితో తాకింది. "మీ పెద్దాయన ఇచ్చిన బహుమతే ఇది. ఈ రాయిని ఒకసారి నొక్కితే చుట్టుపక్కల ఏ సిగ్నలూ బతకదు."

"ఆయన్ని మోసం చేశావు."

"లేదే. రెండు వైపులా పనిచేస్తానని ఆయనకు మొదటి రోజే చెప్పా. ఎటు ఎక్కువో ఆయన అడగలేదు."

పిన్ని కుర్చీలోంచి లేవబోయింది. పిస్టల్ ఆవిడ వైపు తిరిగింది. అంతే చాలింది పాదరసానికి. నేల మీద పడుతూ పక్కనున్న ఖాళీ చక్రాల కుర్చీని రెండు కాళ్ళతో వెనక్కి తన్నాడు. అది కెంపు మోకాళ్ళకు తగిలింది. గుండు పైకప్పులో దిగింది. పిస్టల్ ఎగిరి ర్యాకుల కిందికి జారిపోయింది. అతను లేచి చెయ్యందుకునేలోపు ఆవిడ గుమ్మం దాటింది. తలుపు మూసుకుంది. అవతల ఆ తలుపు తెరిచే కార్డు రీడర్ పగిలిన చప్పుడు.

ఇద్దరూ లోపల. తలుపు ఇనుముది. ఫోన్లు మూగవి. చెవిలో పెద్దాయన లేడు, సముద్రపు హోరు లాంటి శబ్దం మాత్రమే. పరుగెత్తి వెళ్ళి ఆపుదామంటే ఏ థియేటరో తెలియదు, ఏ పేరో తెలియదు. ఆపైన ఈ తలుపు.

"పిన్నిగారూ, ఆ గుర్తు మళ్ళీ పెట్టగలరా?"

"పాస్‌వర్డు మార్చిందిగా." ఆవిడ ఒక్క క్షణమే ఆలోచించింది. "తెర ఆర్పెయ్యాలి."

"ఏంటీ?"

"తెర నల్లగా ఉంటే డాక్టరు ఆగుతుంది. తెలీదు కదా అని భయపడుతుంది, జాగ్రత్త పడుతుంది. పచ్చగా ఉంటే ఆగదు. అబద్ధం కన్నా ఖాళీయే నయం నాయనా. థియేటర్లకు పోయే తీగ తెంపు!"

"ఎక్కడ?"

"నీ కాళ్ళ కింద. నీలంది."

అదే క్షణంలో అద్దాల బీరువాలో ఇనుప చెయ్యి కదిలింది. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా పట్టాల మీద నింపాదిగా వెళ్ళి, ఒక అరలోంచి టేపు తీసుకుంది.

పిన్ని ముఖం పాలిపోయింది. "నిన్నటిది! చెల్లదని రాసింది కదా. చెరిపి మళ్ళీ వాడుకోబోతోంది. మంచి కాపీ అదొక్కటే!"

"మీరు దాన్ని చూసుకోండి!"

పాదరసం పలక ఎత్తి పడేసి, బోర్లా పడి, తల లోపలికి దూర్చాడు. చల్లగాలి ముఖానికి కొట్టింది. తీగలు గుట్టలు గుట్టలుగా, ఎవరో దారం ఉండలు వొలకబోసినట్టు. నీలం తీగ కనిపించింది. పెన్ను తిప్పాడు. కోశాడు.

"తెగింది!"

"తెర ఇంకా పచ్చగానే ఉంది!" పిన్ని గొంతు. "ఇంకోటుంది. ఒకటి తెగితే రెండోది అందుకుంటుంది. నేనే పెట్టించాను!"

"ఎందుకు పెట్టించారండీ బాబూ!"

"తీగ తెగకూడదని! పసుపుది, గోడ వైపు!"

అతను నేల కిందికి పూర్తిగా దిగిపోయాడు. పక్కకు తిరగడానికి కూడా చోటు లేదు. మోచేతుల మీద పాకుతుంటే పలకల్ని మోసే ఇనుప కాళ్ళు పక్కటెముకల్లో పొడుచుకుంటున్నాయి. పైన పిన్ని తాళాలు గలగలమంటున్నాయి. ఒకటి దూరలేదు. ఇంకోటి దూరలేదు. ఇనుప చెయ్యి డ్రైవు దాకా వచ్చేసిందని పట్టాల చప్పుడే చెబుతోంది. ఎక్కడో ఒక డాక్టరమ్మ ఒక తెర ముందు నిలబడి, ఎర్ర గుర్తు లేని పేరు చదువుకుంటోంది.

గోడ దగ్గర పసుపు తీగ చేతికి తగిలింది. కళ్ళజోడు ఎక్కడో జారిపోయింది. చీకట్లో వేళ్ళతోనే తడిమి పట్టుకుని, పెన్ను ఆనించి, పళ్ళ బిగువున నొక్కాడు.

పైన తాళం తెరుచుకున్న చప్పుడు. బీరువా తలుపు తెరిస్తే లోపల ఏదీ కదలకూడదన్నది ఆ మెషీన్ కట్టుబాటు. ఇనుప చెయ్యి డ్రైవు నోటి ముందు టేపుతో సహా బిగుసుకుపోయింది. పిన్ని ఆ టేపును దాని వేళ్ళలోంచి పిల్లాడి చేతిలోంచి కత్తెర లాక్కున్నట్టు లాక్కుంది.

నేల కింద పసుపు తీగ పుటుక్కున తెగింది.

తర్వాత పిన్ని జేబులో ఫోన్ మోగింది. ఎర్రరాయి లిఫ్టులో కిందికి దిగిపోయింది కాబోలు, సిగ్నల్ ఊపిరి పోసుకుంది.

"పిన్నీ, తెర పోయింది!" ఆడగొంతు, కంగారుగా. మత్తు డాక్టర్. "ఇప్పుడే పచ్చగా వచ్చింది, ఇంతలోనే పోయింది. నేను గ్యాస్ నాబ్ మీద చెయ్యి వేసి ఉన్నా. తిప్పనా వద్దా?"

"తియ్యమ్మా చెయ్యి," అంది పిన్ని. టేపు వదలకుండా నేల మీద కూర్చుంది. "ఆ తెర మీద చూసింది నమ్మకు. గ్యాస్ వద్దు. నరంలోకిచ్చే మందే వాడు. అన్ని థియేటర్లకూ అదే చెప్పు. ఎందుకని తర్వాత అడుగు."

నేల పలక పక్కనుంచి దుమ్ము కొట్టుకుపోయిన తల ఒకటి పైకి లేచింది. పిన్ని ఆ తలను చూసింది. టేపును గుండెకు హత్తుకుని, మొదటిసారి ఏడ్చింది.

* * *

కెంపు ఎక్కువ దూరం పోలేదు. నేలమాళిగలో కారెక్కి గేటు దగ్గరికి వచ్చి పాస్ చూపించింది. గేటు లేవలేదు. పార్కింగ్ గేటు కూడా అదే తీగల మీద నడుస్తుందని ఆవిడకు తెలీదు. పాస్ చెల్లుతుందో లేదో చెప్పాల్సిన కంప్యూటర్‌కు ఆ క్షణంలో ఎవరూ తెలియదు. పాదరసం ఫోన్ అందుకుని వెనకే వచ్చిన గార్డులు కారు తలుపు తీసేసరికి ఆవిడ పెదవులకు రంగు సరిచేసుకుంటోంది. "ఇంత పెద్దాసుపత్రి, ఒక గేటు సరిగ్గా పనిచెయ్యదు," అందట.

తలుపు కోసి బయటికి తీశాక పిన్ని ఇంటికెళ్ళలేదు. తెగిన తీగలు అతికించి, పాస్‌వర్డులు మళ్ళీ మార్పించి, నిన్నటి టేపును పక్క మెషీన్‌లోకి ఎక్కించింది. వేళ్ళు మళ్ళీ ఆ నంబరు కొట్టాయి. రికార్డు తెరుచుకుంది. పేరు మీద ఎర్ర గుర్తు.

"ఉన్నాడు," అంది.

పాదరసం తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాతే ఆవిడ దాన్ని బయటికి పంపింది. వార్డు వార్డుకూ తెరలు వెలిగాయి. రక్తనిధి నుంచి ఫోన్ వచ్చింది, మందుల కౌంటర్ నుంచి వచ్చింది, తిట్లు కూడా వచ్చాయి. థియేటర్ నుంచి సాయంత్రం వచ్చింది: పెద్దావిడకు ప్రమాదం తప్పింది.

వారం తర్వాత, రెండు దేశాల వాళ్ళు ఒక పెద్ద బల్లకు బదులు ఆసుపత్రి మంచం చుట్టూ నిలబడి సంతకాలు పెట్టిన రోజున, పాదరసం సర్వర్ గదికి వచ్చాడు. ఈసారి రాగానే టీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. పిన్ని నవ్వి ఫ్లాస్కు వైపు చూపించింది.

కప్పు నోటి దాకా వెళ్ళేలోపు పెద్దాయన ఫోన్. అద్దాలు తుడుస్తున్న కిచకిచ శబ్దం ఇక్కడికి వినిపిస్తోంది.

"కెంపు నిన్న ఒక వాంగ్మూలం ఇచ్చింది. ఈరోజు దానికి పూర్తి విరుద్ధంగా ఇంకోటి ఇచ్చింది. రెండూ నిజంలాగే ఉన్నాయి. ఏది నమ్మమంటావ్?"

పాదరసం ఫోన్ పిన్ని వైపు పట్టుకుని, విషయం చెప్పాడు. ఆవిడ టేపుకు చీటీ అంటిస్తూ, తల తిప్పకుండా జవాబిచ్చింది.

"పక్కపక్కన పెట్టి రెండూ చూసుకోమను నాయనా. అంతవరకూ ఆవిణ్ణి మాత్రం పారెయ్యొద్దను. పాడైన కాపీ కూడా ఒక్కోసారి పనికొస్తుంది."